అంతర్యుద్ధం ఆగాక సైన్యం ప్రభుత్వాన్ని నిలబెడుతుందా, పడగొడుతుందా?

నెల్లూరులో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అంతర్యుద్ధం ఆగిపోయి, సంతకాలు కూడా అయిపోయి, ప్రభుత్వం మాత్రం ఇంకా కుదురుకోని దేశాల్లో సైన్యం పాత్ర ఏమిటి? కాపాడుతుందా, కూలుస్తుందా? నాయకులు ఎలాగూ కొట్టుకుంటూనే ఉంటారు కదా, ఓ పదేళ్లు సైన్యమే పాలిస్తే తప్పేంటి? బయటి నుంచి వచ్చే శాంతి దళం ఏం చెయ్యగలదు?" పుస్తకాల్లో భద్రతా రంగ సంస్కరణ (సైన్యాన్ని, పోలీసులను తిరిగి సరిదిద్దడం), పౌర సైనిక సంబంధాలు (ప్రభుత్వం మాట సైన్యం ఎంత వింటుందన్నది) అని పెద్ద మాటలు కనిపించాయట, ఏదీ బుర్రకెక్కలేదట.

నేను సైన్యంలో జేసీఓగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) రిటైరై కావలి దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. సర్వీసులో ఉండగా ఐక్యరాజ్యసమితి మిషన్ల మీద కాంగో, దక్షిణ సూడాన్ వెళ్లొచ్చాను. ప్రొఫెసర్లు చెప్పేట్టు చెప్పలేను గానీ, ఆ దేశాల సిపాయిలను దగ్గర నుంచి చూశాను. నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్పమంటే, ఆ దేశంలో సిపాయికి జీతం ఎవరి చేతి మీదుగా అందుతోందో ముందు చూడు. ఖజానా నుంచి నేరుగా అందితే ఆ సైన్యం ప్రభుత్వం మాట వినే అవకాశం ఉంది. కమాండర్ చేతి మీదుగా అందితే అది కమాండర్ సైన్యం. అసలు అందకపోతే రోడ్డు మీద పోయేవాడి జేబే దాని ఖజానా. మిగతా సిద్ధాంతాలన్నీ దీని తర్వాతే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. సైన్యం అనగానే మనకు మన సైన్యమే గుర్తొస్తుంది. ఒకే యూనిఫాం, ఒకే చీఫ్, ఎవడి సర్వీసు పుస్తకం వాడికి. అంతర్యుద్ధం ఆగిన దేశంలో ఒప్పందం మీద సంతకాలయ్యే రోజుకు అట్టాంటిదేమీ ఉండదు. ప్రభుత్వ దళం ఒకటి, తిరుగుబాటు దళం ఒకటి, మధ్యలో ఎవరు డబ్బిస్తే అటు తిరిగే చిన్నాచితకా ముఠాలు పదో పాతికో ఉంటాయి. వీళ్లలో కొందరిని కలిపి ఒక సైన్యం చెయ్యాలి, మిగిలినవాళ్లను చేతిలో ఏదో ఒకటి పెట్టి ఇళ్లకు పంపాలి. ఎన్నికల కంటే ముందు, రాజ్యాంగం కంటే ముందు, ప్రభుత్వం బతుకుతుందా లేదా అన్నది ఈ పనిలోనే సగం తేలిపోతుంది.

దక్షిణ సూడాన్ చూడు. 2006 జనవరిలో జూబా ప్రకటన పేరుతో అక్కడి నాయకుడు సాల్వా కీర్ తనకు ఎదురు నిలిచిన మిలీషియాలను, ముఖ్యంగా పౌలినో మతిప్ దళాన్ని, తన సైన్యంలోకి తీసుకున్నాడు. వాళ్లతో యుద్ధం చెయ్యడం కంటే జీతమిచ్చి కలుపుకోవడం చవక. చమురు డబ్బు వస్తున్నంత కాలం ఆ లెక్క సరిపోయింది. 2011 జూలై 9న స్వాతంత్ర్యం వచ్చింది. 2012 జనవరిలో పైప్‌లైన్ చార్జీల దగ్గర సూడాన్‌తో తగాదా వచ్చి తమ చమురు ఉత్పత్తిని తామే ఆపేసుకున్నారు. ఏడాదికి పైగా ఖజానాకు ప్రధానమైన రాబడే లేదు. 2013 డిసెంబర్ 15 రాత్రి రాజధాని జూబాలో మొదటి కాల్పులు వినిపించింది అధ్యక్షుడి సొంత గార్డు బ్యారక్ నుంచే. అందులోని డింకా తెగ సిపాయిలు, నూయెర్ తెగ సిపాయిలు ఒకరినొకరు కాల్చుకున్నారు.

అంతా జీతం వల్లే జరిగిందని అనను. అధ్యక్షుడు కీర్‌కూ, ఆయన మాజీ ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌కూ కుర్చీ తగాదా ఉంది, తెగల మధ్య పాత రక్తం ఉంది. కానీ అన్నేళ్లు ఒకే యూనిఫాం వేసుకుని, ఒకే చోట తిని పడుకున్నవాళ్లు ఒక్క సైన్యం ఎందుకు కాలేకపోయారు? ఏ నాయకుడి వెంట వచ్చారో ఆ నాయకుడి కిందే ఉంచారు, ఆ నాయకుడి ద్వారానే ఇచ్చారు కాబట్టి. నాయకుడు అలిగితే వాడితో పాటు దళమంతా లేచిపోతుంది. ఆ ఏడాది జోంగ్లే రాష్ట్రంలో ఐక్యరాజ్యసమితి డ్యూటీలో ఉన్న మన వాళ్లు కూడా ప్రాణాలిచ్చారు. ఏప్రిల్‌లో కాన్వాయ్ మీద మాటుగాసి కొడితే అయిదుగురు భారత సైనికులు పోయారు, డిసెంబర్‌లో అకోబో క్యాంపు మీద దాడిలో ఇంకొందరు పోయారు. ఈ మాట పేపర్లో ఓ మూల వచ్చి పోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

2018 సెప్టెంబర్‌లో కొత్త ఒప్పందం కుదిరింది. 83,000 మందితో ఉమ్మడి దళం అన్నారు. మొదటి బ్యాచ్ శిక్షణ ముగిసి బయటికొచ్చేసరికి 2022 ఆగస్టు అయింది. ఆయుధాల మీద ఆంక్షలున్నాయి కాబట్టి చాలామంది కర్రలతో డ్రిల్లు చేశారు. శిక్షణ అయ్యాక కూడా పోస్టింగులు, జీతాలు సరిగా లేవు. 2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో పెట్టారు. ఒప్పందం కాగితం మీద ఇంకా బతికే ఉంది.

కాంగో దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఈ విషయంలో ఆ దేశం నేర్పినంత ఇంకేదీ నేర్పదు.

1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. అప్పటికి సైన్యంలో ఆఫీసర్లంతా బెల్జియన్లే, కాంగో వాడికి సార్జెంట్ పైన దారి లేదు. వారం కూడా తిరగకముందే, జూలై 5న, వాళ్ల జనరల్ జాన్సెన్స్ సిపాయిలను పోగేసి బ్లాక్‌బోర్డు మీద "స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తర్వాత" అని రాశాడు. మీకేం మారదు, నోర్మూసుకుని డ్యూటీ చెయ్యండి అని అర్థం. ఆ రోజే తిరుగుబాటు మొదలైంది. ప్రధాని లుముంబా ఆ జనరల్‌ను తీసేసి, సిపాయిలందరికీ ఒక్కో ర్యాంకు పెంచి, జోసెఫ్ మొబుటు అనే మనిషిని సైన్యంలో రెండో స్థానంలో కూర్చోబెట్టాడు. మొబుటు ఎవరనుకున్నావు? పాత సైన్యంలో ఆఫీసు లెక్కలు చూసిన సార్జెంటు. జీతం బట్వాడా విలువ అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ సెప్టెంబర్‌లో రాజధానిలో జీతాల్లేక రగులుతున్న సిపాయిలకు ఐక్యరాజ్యసమితి డబ్బు సమకూర్చింది. పంచి పేరు కొట్టేసింది మొబుటు. సెప్టెంబర్ 14న రేడియోలో రాజకీయ నాయకులందరినీ పక్కన పెడుతున్నానని ప్రకటించాడు. 1965 నవంబర్‌లో రెండోసారి వచ్చి, 1997 మే దాకా దిగలేదు.

ఆ గొడవల్లోనే 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో మన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా చనిపోయి పరమవీర చక్ర పొందాడు. ఐక్యరాజ్యసమితి డ్యూటీలో ఆ పతకం వచ్చింది ఆయనొక్కడికే.

మొబుటు సైన్యాన్ని బలంగా ఉంచాడని చాలామంది అనుకుంటారు. తనను కాపాడే గార్డుకు మాత్రం బాగా ఇచ్చాడు, మిగతా సైన్యాన్ని ఎండబెట్టాడు. 1991 సెప్టెంబర్‌లో కిన్షాసా విమానాశ్రయం దగ్గరి పారాట్రూపర్లు జీతాల కోసం మొదలుపెట్టిన గొడవ నగరాన్నంతా దోచుకోవడంతో ముగిసింది. అయిదేళ్ల తర్వాత తూర్పు నుంచి తిరుగుబాటు వస్తే ఆ సైన్యం నిలబడి పోరాడింది తక్కువ, పారిపోతూ దారిలో ఊళ్లు దోచుకున్నది ఎక్కువ.

తర్వాతి యుద్ధాలు ముగిశాక 2003లో ఒక అధ్యక్షుడు, నలుగురు ఉపాధ్యక్షులతో తాత్కాలిక ప్రభుత్వం పెట్టారు. ఆ నలుగురిలో ఇద్దరికి సొంత దళాలున్నాయి. అందరినీ కలిపి కొత్త సైన్యం చెయ్యాలని పాత దళాలను విడగొట్టి, కలగలిపి, శిక్షణ ఇచ్చి కొత్త బ్రిగేడ్లుగా పంపారు. ఆలోచన మంచిదే. జరిగింది వేరు. ప్రతి దళనాయకుడూ తన మనుషుల సంఖ్యను ఇష్టమొచ్చినట్టు పెంచి రాసిచ్చాడు. ఎంత సంఖ్యకు అంత జీతం, అంత రేషన్, అంత ర్యాంకు. మన దగ్గర ఉపాధి హామీ మస్టర్లలో చచ్చిపోయినవాళ్ల పేర్లు, హైదరాబాదులో ఉంటున్నవాళ్ల పేర్లు ఎక్కించి కూలి డ్రా చేసుకున్న కథలు విన్నాం కదా, అచ్చం అదే. కాకపోతే ఇక్కడ మేస్త్రీకి తుపాకీ ఉంది.

తూర్పు కాంగోలోని నార్త్ కివూలో మా పోస్టుకు కిందుగా కాంగో సైన్యం కంపెనీ ఒకటి ఉండేది. బ్యారక్ అంటూ ఏమీ లేదు. గడ్డి గుడిసెలు, వాటి మీద టార్పాలిన్లు, సిపాయిల పెళ్లాం బిడ్డలు కూడా అక్కడే. యూనిట్ కదిలితే గిన్నెలూ చాపలూ నెత్తిన పెట్టుకుని కుటుంబాలూ వెనకాలే నడిచేవి. జీతం వచ్చే రోజని ఒకటి ఉండేది కాదు, వచ్చినప్పుడే జీతం రోజు. ఒక ఆఫీసరు స్కూలు పిల్లల సంచిలాంటి దాంట్లో నోట్ల కట్టలు తెచ్చి, చెట్టు కింద పెట్టె మీద కూర్చుని పేరు పిలిచి ఇచ్చేవాడు. పై నుంచి బయలుదేరిన డబ్బు ఆ చెట్టు కిందికి చేరేసరికి ఎన్ని చేతులు మారిందో, ఒక్కో చేతిలో ఎంత ఆగిందో సిపాయికి తెలుసు. అడగడు. అడిగితే పోస్టింగ్ మారుతుంది.

మిగతా నెలంతా ఎలా గడవాలి? రోడ్డుకు అడ్డంగా తాడు కట్టేవాళ్లు. ఆ కొండల్లో చుకుడు అని చెక్కతో చేసిన పెద్ద తోపుడు బండి ఉంటుంది, రెండు చక్రాలు, హ్యాండిలు. దాని మీద క్యాబేజీలు, ఉర్లగడ్డలు వేసుకుని కుర్రాళ్లు గోమా టౌనుకు దిగుతారు. తాడు దగ్గర ఆగి, ఒక క్యాబేజీనో నాలుగు గడ్డలో ఇస్తే గానీ తాడు దిగదు. నాకు ఇప్పటికీ గుర్తున్న సంగతేమిటంటే, ఆ సిపాయిలు దౌర్జన్యంగా అడిగేవాళ్లు కాదు. టోల్‌గేటు దగ్గర రసీదు కొట్టినట్టు మామూలుగా తీసుకునేవాళ్లు, ఇచ్చేవాళ్లూ అలాగే ఇచ్చేవాళ్లు. రైతు దృష్టిలో ప్రభుత్వం అంటే ఆ తాడే. ఎన్నికల్లో ఎవరు గెలిచినా ఆ తాడు అక్కడే ఉంటుంది. అట్టాంటి ప్రభుత్వాన్ని రేపు ఇంకో ముఠా కూలదోస్తే రైతు ఎందుకు బాధపడతాడు?

దీనికి ఒక మందు కూడా అక్కడే చూశాను. 2005 నుంచి యూరోపియన్ యూనియన్ తరఫున వచ్చిన కొద్దిమంది సైనికాధికారులు చిన్న బృందంగా ఒకే పని పట్టుకున్నారు. జీతం వెళ్లే దారిని, ఆజ్ఞలు వెళ్లే దారిని వేరు చెయ్యడం. సిపాయిల వేలిముద్రలు తీసుకుని గుర్తింపు కార్డులిచ్చారు, జాబితాలు సరిచూశారు. కమాండర్ ప్రమేయం లేకుండా డబ్బు అందే ఏర్పాటు మొదలుపెట్టారు. కాగితం మీదున్న సైన్యంలో ఎన్నో వేల పేర్లు గాల్లో కలిసిపోయాయి. ఎన్నికలకు, సమావేశాలకు పెట్టిన ఖర్చుతో పోలిస్తే ఇదెంత? నా లెక్కలో ఆ దేశంలో విదేశీయులు చేసిన అత్యంత తెలివైన పని అదే. అయితే అది ఒక్కటే సరిపోలేదు. 2009 మార్చి 23న తూర్పున ఇంకో తిరుగుబాటు దళంతో ఒప్పందం చేసుకుని, వాళ్లను విడగొట్టకుండా, ఉన్న ప్రాంతంలోనే, ఉన్న కమాండర్ల కిందే సైన్యంలో కలిపారు. 2012లో వాళ్లు తిరగబడ్డారు. ఆ తేదీనే పేరుగా పెట్టుకుని ఎం23 అయ్యారు. ఆ నవంబర్‌లో గోమాను పట్టుకుని కొద్దిరోజులకే వదిలారు, 2025 జనవరిలో మళ్లీ పట్టుకున్నారు. పక్క దేశం రువాండా అండ లేకుండా ఇది జరిగేది కాదు, అది వేరే కథ.

ఇప్పుడు మన దగ్గర ఎట్టా ఉంటుందో చెబుతాను, తేడా తెలుస్తుంది. భారత సైన్యంలో జవాను జీతం లెక్క చూసేది డిఫెన్స్ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్. అది సివిలియన్ శాఖ. రెజిమెంటల్ సెంటర్ పక్కనే పే అకౌంట్స్ ఆఫీసు ఉంటుంది, అందులో కూర్చునే బాబులు ఏ కల్నల్‌కూ సెల్యూట్ కొట్టరు. నా సర్వీసంతా ఆ ఆఫీసును తిట్టుకున్నాను. ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ ఖర్చుల) బిల్లు తిప్పి పంపారని, అలవెన్సు కోశారని తిట్టని ఫౌజీ ఉండడు. కాంగో వెళ్లొచ్చాక మాత్రం ఆ తిట్లు తగ్గాయి. మా సీఓ (కమాండింగ్ ఆఫీసర్) ఎంత గొప్పవాడైనా నా జీతం ఆయన జేబులోంచి రాదు, ఆయన ఆపనూ లేడు. నెహ్రూ ప్రధాని అయ్యాక ఢిల్లీలో కమాండర్ ఇన్ చీఫ్ ఉండే భవనాన్ని తన నివాసం చేసుకున్నాడని, అదే తీన్‌మూర్తి భవన్ అని, 1955లో కమాండర్ ఇన్ చీఫ్ పదవే తీసేశారని నీ పుస్తకాల్లో ఉంటుంది. అవి పైకి కనిపించేవి. ఈ అకౌంట్స్ ఆఫీసు కనిపించనిది.

నేపాల్ మన పరీక్షలకు బాగా పనికొచ్చే ఉదాహరణ, పైగా ఇది చాలావరకు నెగ్గిన కథ. పదేళ్ల మావోయిస్టు యుద్ధం 2006 నవంబర్ 21 ఒప్పందంతో ఆగింది. మావోయిస్టు దళాన్ని వెంటనే సైన్యంలో కలపలేదు, వెంటనే ఇంటికీ పంపలేదు. శిబిరాల్లో ఉంచారు. ఐక్యరాజ్యసమితి వాళ్లు ఒక్కొక్కరినీ పరిశీలించి 19,602 మందిని నిజమైన పోరాటయోధులుగా తేల్చారు. తుపాకులను ఇనుప కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే. కానీ తలుపు తీస్తే సైరన్ మోగుతుంది, ఐక్యరాజ్యసమితి కెమెరా చూస్తుంటుంది. నేపాల్ సైన్యం కూడా సరిగ్గా అన్నే తుపాకులు అదే పద్ధతిలో లోపల పెట్టింది. పర్యవేక్షకులు పూర్తిగా చేరేలోపు కాపలాకు భారత, బ్రిటిష్ సైన్యాల్లో చేసి రిటైరైన గూర్ఖాలను పెట్టుకున్నారు. ఇద్దరికీ నమ్మకం ఉన్న మూడోవాడు ఊళ్లోనే దొరికాడన్నమాట.

గండం అసలు వచ్చింది 2009లో. ఎన్నికల్లో గెలిచి ప్రధాని అయిన మావోయిస్టు నేత ప్రచండ, తమ దళాన్ని కలుపుకోవడానికి అడ్డుపడుతున్నాడని, తనను అడగకుండా కొత్త భర్తీలు చేశాడని ఆర్మీ చీఫ్ రుక్మాంగద్ కటవాల్‌ను మే 3న తీసేశాడు. ఆ రాత్రే అధ్యక్షుడు రామ్ బరన్ యాదవ్ కొనసాగమని చీఫ్‌కు లేఖ రాశాడు. మర్నాడు ప్రచండ రాజీనామా చేశాడు. ఎవరిది తప్పన్నది నేటికీ అక్కడ వాదనే. ప్రజలెన్నుకున్న ప్రధాని మాట చీఫ్ విననక్కర్లేదా అని ఒకరు, పార్టీ దళాన్ని సైన్యంలో దూర్చడం ప్రజాస్వామ్యమా అని ఇంకొకరు. నేను గమనించింది ఏమిటంటే, అంత టెన్షన్‌లో కూడా ట్యాంకు రోడ్డెక్కలేదు. చివరికి 2012లో చాలామంది ఒక్కొక్కరూ 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని ఇళ్లకు వెళ్లారు, సైన్యంలో చేరింది సుమారు 1,400 మంది.

ట్యాంకు ఎందుకు రోడ్డెక్కలేదు? క్రమశిక్షణ, సంప్రదాయం అంటారు. నిజమే. ఇంకో కారణం కూడా ఉంది, ఫౌజీకి తెలిసినది. ఐక్యరాజ్యసమితికి ఎక్కువమంది సైనికులను పంపే దేశాల్లో నేపాల్ ఒకటి. ఒక మిషన్ చేసొస్తే సిపాయి ఇల్లు కట్టుకుంటాడు. కుట్ర చేసి అధికారంలోకొస్తే ఆ మిషన్లు పోతాయి. జీతం సూత్రం ఇక్కడ మంచి వైపు పనిచేసింది. 2025 సెప్టెంబర్‌లో యువకుల ఆందోళనలో ప్రభుత్వం కూలినప్పుడు కూడా రోడ్ల మీద అదుపు సైన్యానిదే, మాట్లాడించిందీ సైన్యమే. కానీ కుర్చీలో కూర్చున్నది మాత్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ.

లెబనాన్ గురించి రెండు ముక్కలు. 1975 నుంచి 1990 దాకా సాగిన యుద్ధంలో ఆ సైన్యం మతాల వారీగా చీలిపోయింది. ఆ యుద్ధాన్ని ముగించిన తాయిఫ్ ఒప్పందం తర్వాత బ్రిగేడ్లను కలగలిపి, ఒక ప్రాంతం వాణ్ని ఇంకో ప్రాంతానికి తిప్పారు. కాంగోలో కాగితం మీద జరిగింది ఇక్కడ నిజంగా జరిగింది. ఫలితంగా ప్రభుత్వం పనిచెయ్యకపోయినా అందరూ మాదే అనుకునే ఒక్క సంస్థగా సైన్యం మిగిలింది. లహూద్, సులేమాన్, మిషెల్ ఆవున్, ఇప్పుడు జోసెఫ్ ఆవున్, వరసగా ఆర్మీ కమాండర్లే అధ్యక్షులవుతున్నారు, అదీ పార్లమెంటు ఓటుతోనే. కానీ షియా సాయుధ సంస్థ హిజ్బుల్లా దగ్గర ఆయుధాలు ఉండనిచ్చారు, ఆ బాకీ ఇంకా తీరలేదు. 2019 తర్వాత కరెన్సీ కుప్పకూలి, 2020లో డ్యూటీలో ఉన్న సిపాయి భోజనంలోంచి మాంసం తీసేశారు. తర్వాత జీతాలకు విదేశాల సాయం తీసుకోవలసి వచ్చింది.

సియెర్రా లియోన్‌లో పగలు సిపాయి, రాత్రి తిరుగుబాటుదారు అయిన వాళ్లకు జనం పెట్టిన పేరు 'సోబెల్'. 1997 మేలో వాళ్ల సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చడానికి ఉన్న కారణాల్లో బియ్యం రేషన్ గొడవ ఒకటి. మన నెల్లూరోళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, బియ్యం కోస్తే ఎవడూ ఊరుకోడు. అక్కడే 2000 జూలైలో కైలాహున్‌లో రెండు నెలలకు పైగా ముట్టడిలో ఉన్న మన వాళ్లను ఆపరేషన్ ఖుక్రీతో బయటికి తెచ్చారు. తర్వాత బ్రిటిష్ వాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని ఆ సైన్యాన్ని చిన్నదిగా, జీతం అందేదిగా తయారుచేశారు. పక్కనున్న లైబీరియా పాత సైన్యాన్ని మొత్తం రద్దు చేసి సుమారు 2,000 మందితో కొత్తగా కట్టుకుంది. రెండుచోట్లా మళ్లీ అంతర్యుద్ధం రాలేదు. రద్దు చెయ్యడం అన్నిచోట్లా పనిచేస్తుందనుకునేవు! ఇరాక్‌లో అమెరికా 2003 మే 23న ఒక్క ఆర్డర్‌తో సైన్యాన్ని రద్దు చేసి, లక్షల మంది తుపాకీ తెలిసిన మగవాళ్లను జీతం లేకుండా వీధిలో పెట్టింది. తర్వాత ఏమైందో ప్రపంచమంతా చూసింది. లైబీరియాలో పంపేముందు లెక్క తేల్చి డబ్బిచ్చారు, పక్కన వేల మంది శాంతి దళం ఉంది. ఇరాక్‌లో ముందు ఆర్డర్ ఇచ్చి, గొడవలయ్యాక భత్యం సంగతి ఆలోచించారు.

ఇక "సైన్యమే పదేళ్లు పాలిస్తే తప్పేంటి" అన్నదానికి వద్దాం. ఈ మాట మా కావలి టీ కొట్టు దగ్గర కూడా వారానికోసారి వింటాను. మాజీ ఫౌజీని కాబట్టి నేను ఔనంటానని అందరూ నా వైపు చూస్తారు. అనను.

నైజీరియా చూడు. 1970 జనవరిలో, విడిపోతామన్న బయాఫ్రా ప్రాంతంతో యుద్ధం ముగిసింది. సైనిక పాలకుడు జనరల్ గోవన్ నిజంగా పెద్దమనసుతో ప్రవర్తించాడు, ఓడినవాళ్ల మీద పగ తీర్చుకోలేదు. కానీ యుద్ధానికి ముందు పది వేల చిల్లర ఉన్న సైన్యం రెండున్నర లక్షలైంది. వాళ్లను ఇంటికి పంపే ధైర్యం ఒక సైనిక పాలకుడికి ఉంటుందా? తన కుర్చీ కింద ఉన్నది వాళ్లే కదా. పంపలేదు. 1974 అక్టోబర్‌లో, అనుకున్న 1976కు పౌర పాలన సాధ్యం కాదని చెప్పేశాడు. 1975లో రెండు కోట్ల టన్నుల సిమెంటుకు ఆర్డర్లు వెళ్లాయి, అందులో ఎక్కువ భాగం రక్షణ శాఖదే, బ్యారక్‌లు కడతామని. లాగోస్ రేవు ఏడాదికి దించుకోగలిగింది దాంట్లో చిన్న ముక్క. వందల ఓడలు సముద్రంలో లంగరేసి నెలల తరబడి నిలబడ్డాయి, సిమెంటు ఓడల్లోనే గడ్డకట్టింది, ఆలస్యానికి జరిమానా ప్రభుత్వమే కట్టింది. కృష్ణపట్నంలో నాలుగు ఓడలు రెండు రోజులు ఆలస్యమైతేనే ఎంత హడావుడో చూశాం. ఆ జూలైలో గోవన్‌ను కూల్చింది ప్రజలు కాదు, సాటి ఆఫీసర్లే. సైన్యం పాలించడం మొదలుపెడితే మొదట చెడేది సైన్యమే. ప్రమోషన్ యుద్ధం చేసినవాడికి కాకుండా కుట్రలో సరైన పక్కన నిలబడ్డవాడికి వస్తుంది.

శ్రీలంకలో సైన్యం కుర్చీ ఎక్కలేదు, 2009 మేలో ఎల్‌టీటీఈ మీద పూర్తిగా గెలిచింది. గెలిచాక తగ్గలేదు. ఉత్తరాన పొలాలు సాగు చేసింది, హోటళ్లు నడిపింది. యుద్ధం గెలిపించిన శరత్ ఫొన్సేకా 2010 జనవరి ఎన్నికల్లో అధ్యక్షుడి మీద పోటీ చేసి ఓడితే, రెండు వారాలు తిరక్కుండానే సైనిక పోలీసులు ఆయన్నే పట్టుకెళ్లారు. ఆ తర్వాత 2015లో ఫీల్డ్ మార్షల్‌ను చేశారు. దివాలా తీశాక గానీ, 2023 జనవరిలో, సైన్యాన్ని 2030కి లక్షకు తగ్గిస్తామన్న మాట బయటికి రాలేదు. అక్కడికి 1987లో మనం శాంతి దళాన్ని పంపి, 1990లో వెనక్కి వచ్చేసరికి సుమారు 1,200 మందిని పోగొట్టుకున్నాం. మా సీనియర్లు ఆ రోజుల గురించి ఎక్కువ మాట్లాడేవాళ్లు కాదు.

ఇంకో కొసన కోస్టారికా. 1948లో కొద్ది వారాల అంతర్యుద్ధం గెలిచిన ఫిగరెస్, ఆ డిసెంబర్ 1న రాజధానిలోని బ్యారక్ గోడను సుత్తితో కొట్టి సైన్యాన్నే రద్దు చేశాడు. ఆ కోట ఇప్పుడు మ్యూజియం. చిన్న దేశం కాబట్టి చెల్లింది. మనలాంటి సరిహద్దులున్న దేశం దాన్ని చూసి ముచ్చటపడటం వరకే.

పరీక్షకు తాజా ఉదాహరణ కావాలంటే సూడాన్ రాయి. అక్కడ సైన్యానికి బుర్హాన్ అధిపతి, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సమాంతర దళానికి హెమెద్తీ అధిపతి. 2021 అక్టోబర్‌లో ఇద్దరూ కలిసే పౌర ప్రభుత్వాన్ని కూల్చారు. తర్వాత ఆర్‌ఎస్‌ఎఫ్‌ను సైన్యంలో ఎన్నాళ్లలో కలపాలన్న దగ్గర చెడింది. సైన్యం రెండేళ్లంది, హెమెద్తీ పదేళ్లన్నాడు. ఎందుకంటాడు? డార్ఫూర్ బంగారు గనుల రాబడి ఆయన చేతిలో ఉంది, తన సిపాయికి తానే జీతమిచ్చుకోగలడు. ఇంకొకడి కింద కలవాల్సిన ఖర్మేమిటి? 2023 ఏప్రిల్ 15న ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది.

బయటి శాంతి దళం ఏం చెయ్యగలదు అని కూడా అడిగావు. టైము కొనిపెట్టగలదు, అంతే. మేం పోస్టులో ఉన్నంతసేపు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పడుకునేవాళ్లు. మా పోస్టు ఎత్తేశాక వాళ్లను కాపాడాల్సింది ఆ తాడు కట్టిన సిపాయే. వాడికి జీతం అందే ఏర్పాటు ఈలోపు జరిగిందా లేదా అన్నదే లెక్క.

జవాబు రాసేటప్పుడు ఇన్ని దేశాలు కుక్కొద్దు. కాంగో, నేపాల్, నైజీరియా మూడూ వివరంగా రాసి, లెబనాన్, సూడాన్ ఒక్కో పేరా పెట్టు. కటవాల్ వ్యవహారం రాస్తే ఇద్దరి వాదనలూ రాయి, ఒక్క వైపే రాస్తే మార్కులు పోతాయి. దక్షిణ సూడాన్‌లో వాయిదా పడుతూ వస్తున్న ఎన్నికలు 2026 డిసెంబర్‌కు పెట్టారు. ఆ వార్తలు వచ్చినప్పుడు అభ్యర్థుల పేర్ల కంటే ముందు, ఉమ్మడి దళానికి ఎన్ని నెలల జీతం బాకీ ఉందో వెతుకు. అది సాధారణంగా వార్త చివరి పేరాలో ఉంటుంది.